అక్క మాలిమి చేసిన లెన్సు

లెన్సుల గదిలో ఇరవై ఏళ్ళు పనిచేస్తే మనుషుల మాట మీద ఒక రకమైన అపనమ్మకం ఏర్పడుతుంది. చౌడేశ్వరికీ ఏర్పడింది. కంట్లో గట్టి లెన్సు పెట్టి "ఎట్లుండాది?" అని అడిగితే, అనంతపురం జిల్లా మనిషి ఎవరైనా సరే, బుగ్గల మీద నీళ్ళు ధారకడుతుండగా "బాగుండాది మేడం" అంటాడు. తెల్లకోటు వేసుకున్న మనిషిని నొప్పించడం ఇష్టంలేక. ఇంటికి పోయాక లెన్సు తీసి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను బీరువాలో పెట్టి, మళ్ళీ మసక లోకంలోనే బతికేస్తాడు. అందుకని చౌడేశ్వరి నోటిమాట వినడం ఎప్పుడో మానేసింది. రెప్ప ఎంత బిగుస్తోందో, మెడ ఎంత వెనక్కి పోతోందో, చెయ్యి కుర్చీ పిడిని ఎంత గట్టిగా పట్టుకుంటోందో చూసేది. మనిషి అబద్ధమాడొచ్చు గానీ నొప్పి అబద్ధమాడదని ఆమె సిద్ధాంతం. ఆ సిద్ధాంతమే ఆమె కొంప ముంచింది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళ జబ్బు పేరు కెరటోకోనస్. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. అది బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉండాలి. వీళ్ళకు అది పలచబడి, ముందుకు ఉబికి, మొనదేలుతుంది. ఒక దీపం నాలుగు దీపాలవుతుంది. ఒక గీత పక్కన రెండు నీడగీతలు మొలుస్తాయి. కళ్ళద్దాలు ఎన్ని మార్చినా ఉపయోగం ఉండదు. ఆ మొన మీద నున్నటి గట్టి లెన్సు ఒకటి బోర్లిస్తే, మధ్యలో కన్నీరు నిండి చూపు తేటపడుతుంది. కానీ లెన్సు ఆ మొన మీద ఒరుసుకుంటుంటే ఎలా ఉంటుందో వేసుకున్నవాళ్ళకే తెలుసు. లోకమంతా 'కంటికి రెప్పలా' అని మురిసిపోతుంది గానీ, లెన్సు వేసుకున్న కంటికి రెప్పను మించిన శత్రువు లేదు. కొట్టుకున్న ప్రతిసారీ లెన్సును తెచ్చి మొన మీద రుద్దేది అదే.

చౌడేశ్వరికి ఆ జబ్బు పద్దెనిమిదో ఏట బయటపడింది. రెండు కళ్ళకూ ఉంది, కుడికన్ను మరీ పాడు. చూడవచ్చిన సంబంధాలవాళ్ళు కంటి జబ్బని వెనక్కి పోతే, "పోతే పోనీ, పీడా పాయె" అనుకుని, తన కంట్లో లెన్సు పెట్టిన గదిలోనే పనికి చేరింది. ధర్మవరం నుంచి పొద్దున రైలెక్కి అనంతపురం పోవడం, సాయంత్రం రైల్లో తిరిగి రావడం. ఇంట్లో ఉన్నది ఆమె, ఆమె చెల్లెలు అంబుజ. అమ్మానాన్నలు పోయేనాటికి అంబుజకు నాలుగేళ్ళు, చౌడేశ్వరికి పదహారు. అప్పటినుంచి ఆ పిల్లకు అక్కే అమ్మ. తన జబ్బు ఆ పిల్లకు రాకూడదని కులదేవతకు ఏటా పిండిజ్యోతి తలకెత్తుకుని మొక్కుకునేది. ఇరవై మూడో ఏట అంబుజకూ వచ్చింది. ఆ ఏడు చౌడేశ్వరి జ్యోతి ఎత్తలేదు.

అంబుజ పట్టుచీరల డిజైన్లకు గ్రాఫు గీసేది. అంచులో తీగ కావాలన్నా, కొంగులో మామిడి పిందె కావాలన్నా ముందు సన్నగడుల కాగితం మీద ఒక్కొక్క గడీ నింపాలి. ఒక గడి తప్పితే ఒక పోగు తప్పుతుంది. కంప్యూటర్లు వచ్చాక ఆ పని చేతితో చేసేవాళ్ళు ధర్మవరంలో ముగ్గురో నలుగురో మిగిలారు. అంబుజ గ్రాఫులకే చీర నేసే ముసలి ఆదెప్ప మాత్రం ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాడు.

"కంప్యూటరు గీసింది చీర మాదిరి ఉంటాది. ఈ పాప గీసింది చీర."

అటువంటి పిల్లకు గడులు అలుక్కుపోవడం మొదలైంది. కుడికంటితో చూస్తే కాగితం మీద ఉన్న గీతల కంటే లేని గీతలే ఎక్కువ. చౌడేశ్వరి తన చేతులతో తయారుచేసి గట్టి లెన్సు పెట్టింది. రెండు రోజులకు కన్ను వాచి రేగుపండయింది. మళ్ళీ నున్నగా అరగదీసి ఇంకొకటి పెట్టింది. ఈసారి అంబుజ ఆదెప్ప మగ్గం పక్కనే కళ్ళు తిరిగి పడిపోయింది. కొందరి కళ్ళు అంతే, ఈగ వాలినా ఓర్వవు. ఇంకో రెండేళ్ళు పోతే ఈ పిల్ల గ్రాఫు వదిలేసి మగ్గాలకు దారపు కండెలు చుట్టుకోవాలి. ఆ మాట అక్కచెల్లెళ్ళిద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

అటువంటప్పుడు వచ్చింది పట్టు లెన్సు.

దాన్ని కనిపెట్టినాయన పేరు పినాకపాణి. గుంటూరు నుంచి వచ్చి అనంతపురం శివార్లలో ప్రయోగశాల పెట్టుకున్నాడు. హిందూపురం మార్కెట్టు నుంచి పట్టుగూళ్ళు తెప్పించి, ఉడికించి, కరిగించి, ఒక జెల్లు తీశాడు. ఆ జెల్లు లెన్సును కంట్లో పెడితే మొదట కొత్త చెప్పులా కరుస్తుంది. కానీ రెప్ప కొట్టుకున్న ప్రతిసారీ అది ఆ కంటి వంపును కాస్త కాస్తగా నేర్చుకుంటుంది. ఎక్కడ మొన ఉందో అక్కడ పల్లమవుతుంది, ఎక్కడ పల్లముందో అక్కడ నిండుతుంది. ఇరవై ఒక్క రోజులకు నేర్చుకోవడం పూర్తవుతుంది. ఆపైన మరచిపోదు. చౌడేశ్వరిని తన దగ్గరికి పనికి పిలిపించుకున్నది కూడా ఆ లెన్సులు పెట్టి చూడటానికే.

మొట్టమొదట వేసుకున్న మనిషి ఓబులేసు అని ఒక బస్సు కండక్టరు. ఇరవై రెండో రోజు పరీక్షకు వచ్చి, కంట్లోకి చూసే దీపం ముందు గడ్డం ఆనించి కూర్చున్నాడు. చౌడేశ్వరి అలవాటుగా అతని చేతుల వైపు చూసింది. చేతులు ఒళ్ళో వదులుగా పడి ఉన్నాయి. రెప్పలు చూసింది. మూసుకుపోతున్నాయి.

"ఓబులేసూ! నొస్తాండాదా?"

జవాబుగా గురక వినిపించింది. కంట్లో లెన్సు పెట్టుకున్న మనిషి పరీక్ష కుర్చీలో నిద్రపోవడం ఆమె ఇరవై ఏళ్ళలో చూడలేదు. పినాకపాణిని కేకేసి పిలిచింది. ఇద్దరూ ఆ గురక పెట్టే మనిషిని దేవుణ్ణి చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. చౌడేశ్వరికి ఏడుపొచ్చింది. అంబుజ పని ఇక పోదు అనుకుంది.

ప్రయోగానికి అరవై మందిని తీసుకున్నారు. మనిషికి ఒకే లెన్సు, రెండు కళ్ళలో ఎక్కువ పాడైన కంటికి. ఇరవై ఒక్క రోజుల్లో ఎవరైనా భరించలేక తీసేస్తే వాళ్ళను తప్పించి ఇంకొకరికి అవకాశం ఇస్తారు. అంబుజ పేరు చౌడేశ్వరే రాయించింది. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే అంబుజ ముఖం తెల్లబోయింది.

"అక్కా, ఇరవై ఒక్క దినాలు నా వల్ల కాదు. పోయిన తూరి రెండో దినానికే పడిపోతి కదా. నేను మద్దెలో తీసేస్తే నీకే తలవంపులు."

"ఏం గాదులే మే. గమ్మునుండు. నేను చూసుకుంటా."

ఎలా చూసుకోవాలో ఆమెకు ఆ మాట అన్నప్పుడు తెలియదు. మర్నాడు రైల్లో తట్టింది. తట్టగానే నవ్వొచ్చింది కూడా, ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు తట్టలేదని. అంబుజ బడికి పోయే రోజుల్లో కొత్త చెప్పులు కొంటే, మొదటి వారం అవి చౌడేశ్వరి కాళ్ళకే ఉండేవి. మడమలు బొబ్బలెక్కేదాకా తొక్కి, మెత్తబరిచి, అప్పుడు చెల్లెలి కాళ్ళకు తొడిగేది. ఈ లెన్సూ అంతే కదా. మొదటి మూడు వారాలు కరుస్తుంది, ఆపైన కరవదు. ఇరవై ఏళ్ళు గట్టి లెన్సుకు అలవాటుపడి తన కన్ను ఎలాగూ మొద్దుబారిపోయింది. ఆ కరిచేదేదో తనను కరిస్తే పోయింది.

"ఒక లెన్సు ఒక కంటికే" అని డబ్బా మీద రాసి ఉన్న మాట నిజమే. చౌడేశ్వరి ఆ మాటను ఇరవై ఏళ్ళుగా ప్రతి డబ్బా మీదా చూస్తోంది, బస్సులో 'టికెట్టు లేని ప్రయాణం నేరం' అన్న బోర్డును చూసినట్టు. ప్రతి లెన్సుల గదిలోనూ ఒక ట్రయల్ పెట్టె ఉంటుంది. ఒకరి కంట్లో పెట్టి చూసిన లెన్సును మందునీళ్ళలో నానబెట్టి, కడిగి, ఇంకొకరి కంట్లో పెట్టి చూడటమే ఆ గదిలో పని. శుభ్రంగా కడిగితే చాలు. నూరుమంది కళ్ళు తిరిగి వచ్చిన లెన్సులు ఆమెకు తెలుసు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట డబ్బా మీద ఎందుకు రాశారని అడిగితే పినాకపాణి కూడా "ఇన్ఫెక్షన్ భయం" అనే చెప్పి ఉండేవాడు. అసలు భయమేమిటో అప్పటికి ఆయనకూ తెలియదు.

అంబుజ కంటి కొలతలకు పోసిన లెన్సు వచ్చింది. చౌడేశ్వరి దాన్ని తీసుకుని రైలెక్కి, ఇంకా రాలేదని చెల్లెలికి చెప్పి, పెరట్లో అద్దం ముందు తన కుడికంట్లో పెట్టుకుంది.

మొద్దుబారిన కన్ను అనుకుంది గానీ ఆ లెన్సుకు ఆ సంగతి తెలియదు. మూడో రోజుకు కన్ను నిప్పుకణిక. ఏడో రోజుకు వెలుతురు చూస్తే వాంతి. పొయ్యి ముందు కూర్చుని కన్ను తుడుచుకుంటుంటే "ఏమైందక్కా?" అని అంబుజ అడిగేది. "ఎర్రగడ్డలు మే, ఘాటుగా ఉండాయి" అనేది. మూడు వారాలు ఆ ఇంట్లో ఉల్లిపాయలు లేని కూర వండలేదు. ప్రయోగం ఫారంలో రోజువారీ బాధ రాయవలసిన కాలమ్ ఒకటి ఉంది. అంబుజ పేరు కింద చౌడేశ్వరి తన బాధ నిజాయితీగా నింపింది. "మంట. నీళ్ళు. ఇసుక పడినట్టు." అంతా నిజమే, పేరు ఒక్కటే అబద్ధం.

ఇరవై ఒకటో రోజు పొద్దున నిద్రలేచి, కంట్లో లెన్సు ఉందో లేదోనని వేలుపెట్టి చూసుకుంది. ఉంది. ఉన్నట్టే లేదు. ఆ పొద్దు అద్దం ముందు అలాగే చాలాసేపు కూర్చుండిపోయింది. తీయబుద్ధి కాలేదు. ఇంత సుఖం తనకు పద్దెనిమిదో ఏటి నుంచీ లేదు. మనసు గట్టిచేసుకుని తీసి, రెండుసార్లు కడిగి, మందునీళ్ళలో నానబెట్టి, మర్నాడు అంబుజ కంట్లో పెట్టింది.

అంబుజ పళ్ళు బిగబట్టి కూర్చుంది. ఒక్క నిమిషం తర్వాత పళ్ళు వదిలింది.

"అక్కా, పెట్టినావా?"

"పెట్టినా."

"నొప్పే ల్యా!" అంది అంబుజ. క్యాలెండర్ మీద తిథులు, వర్జ్యాలు గబగబా చదివింది. గడుల కాగితం తెచ్చుకుని గడులు లెక్కపెట్టింది. అక్క మెడ చుట్టూ చేతులు వేసి, చిన్నపిల్లలా ఊగింది. చౌడేశ్వరి జీవితంలో అంతకు మించిన రోజు లేదు. ముందూ లేదు, తర్వాతా లేదు.

ఐదు నెలలు అలా గడిచాయి. అంబుజ గీసిన గ్రాఫులకు షావుకార్లు వరుసలో నిలబడ్డారు. వారానికొకసారి లెన్సు తీసి కడిగి పెట్టేటప్పుడు చౌడేశ్వరి అడిగేది, "నొప్పేమన్నా ఉండాదా?" అని. "లేదక్కా" అనేది అంబుజ. చౌడేశ్వరి రెప్ప చూసేది, మెడ చూసేది, చేతులు చూసేది. నిజంగానే లేదు. కన్ను మల్లెపువ్వులా ఉంది.

ఆరో నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఆదెప్ప చుట్టచుట్టిన కాగితం చంకలో పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ నీళ్ళు నమిలాడు.

"పాపా, తప్పుగా అనుకోవద్దు. ఈ పిందె రోంత ఒరిగినట్టుండాది సూడు."

"యాడ?" అంది అంబుజ.

"కొంగులో. అన్నీ ఎడమతట్టుకు వాలినాయి. ఒగ మూర నేసినాక కనపడె."

అంబుజ కాగితం తీసుకుని చూసింది. "ఈసారి కాగితమే తేడాగా అచ్చయింటాది మామా, మళ్ళా గీసిస్తాలే" అంది నవ్వుతూ. చౌడేశ్వరి కూడా ఆ కాగితం చూసింది. గట్టి లెన్సు పెట్టుకున్న తన కంటికి పిందెలు ఒరిగినట్టే కనిపించాయి. కాగితం తేడానే అనుకుంది. కన్ను ఎర్రబడలేదు, నీళ్ళు కారలేదు, నొప్పి లేదు. నొప్పి లేని కంటికి జబ్బేమిటి? ఇరవై ఏళ్ళ అనుభవం కదా, ఆ మాత్రం ధీమా ఉంటుంది.

ఆ నెలాఖరున ఆరు నెలల పరీక్ష. అంబుజ యంత్రం ముందు కూర్చుంది. ఆ యంత్రం కార్నియా ఎత్తుపల్లాలను రంగుల్లో చూపిస్తుంది. పల్లానికి నీలం, ఉబ్బుకు ఎరుపు. ఆరు నెలల కింద అంబుజ మ్యాపు నడుమ చిన్న నారింజరంగు మచ్చ ఉండేది. ఇప్పుడు తెర మీద వచ్చిన బొమ్మ చూసి చౌడేశ్వరి వెనక నించున్నది నించున్నట్టే ఉండిపోయింది. ముక్కువైపుకు, కిందికి జారిన ఎర్రటి జీడిపిక్క. పై కొసన చిన్న నొక్కు.

ఆ జీడిపిక్క ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఏడాదికి రెండుసార్లు ఆ యంత్రం ముందు కూర్చుంటే కనిపించే తన సొంత కుడికన్ను అది.

అంబుజను బయట కూర్చోబెట్టి, తన ఫైలు తీసి, రెండు మ్యాపులను కిటికీ అద్దం మీద ఒకదాని మీద ఒకటి ఆనించి వెలుతురుకు చూసింది. ఒక్క అంచు కూడా పక్కకు పోలేదు. లెన్సు ఆమె కంటిని ఇరవై ఒక్క రోజుల్లో నేర్చుకుంది. నేర్చుకున్నదాన్ని ఆరు నెలలు అంబుజ కంటికి నేర్పింది. మెత్తగా, ఓపిగ్గా, ఏ మాత్రం నొప్పి తెలియకుండా నేర్పింది. నొప్పి పుట్టించి ఉంటే అంబుజ రెండో రోజే పీకేసేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు వేసినామెకు తాను వేస్తున్నది మందు కాదన్న సంగతి కూడా తెలియదు.

పినాకపాణి వచ్చి కిటికీ అద్దం మీదున్న కాగితాలు చూశాడు.

"ఫైళ్ళు తారుమారయ్యాయా చౌడేశ్వరి గారూ?"

"లేదు సార్."

ఆయన కాగితాల వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "ఈ లెన్సు మీరు గానీ వేసుకున్నారా?"

"లేదు సార్" అంది. గాజు తలుపుకు అవతల అంబుజ కూర్చుని ఉంది. ఇంకేం చెబుతుంది?

లెన్సు ఆరోజే తీసేశారు. కానీ సాగదీసిన పొర సాగినట్టే ఉంది. మందం సగానికి పడిపోయింది. ఎనిమిదో రోజు పొద్దున అంబుజ గ్రాఫు ముందు కూర్చుని ఉండగా కార్నియా లోపలి పొర చిట్లి, కంటి లోపలి నీరు దానిలోకి ఊరింది. కుడికన్ను పాలు పోసినట్టు తెల్లబడింది. దాత కార్నియా తెచ్చి కుట్టారు. పొర అంచుల దాకా పలచబడిపోవడంతో కుట్లు సరిగా నిలవలేదు. మూడు నెలలకు అదీ మసకబారింది. కుడికన్ను పోయింది. ఎడమ కంటికి పాత జబ్బు పాతలాగే ఉంది, మెల్లమెల్లగా ముదురుతూ. గ్రాఫు కాగితాలన్నీ ఆదెప్ప వచ్చి పట్టుకుపోయాడు. పోతూ పోతూ వసారాలో నిలబడి కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. అంబుజ ఇప్పుడు తడిమి చేసే పనులు నేర్చుకుంటోంది. కండెలు బాగానే చుడుతోంది.

పినాకపాణి ఈ మూడు నెలలూ ఊరుకోలేదు. మిగతా యాభై తొమ్మిది మంది కళ్ళు బంగారంలా ఉన్నాయి. ఓబులేసు కుటుంబంతో తిరుపతి పోయి లడ్డూ కూడా తెచ్చాడు. పాడైనది ఒక్క అంబుజ కన్ను. ఎందుకన్నది ఆయనకు అర్థమైపోయింది. ఒక సాయంత్రం చౌడేశ్వరిని గదిలోకి పిలిచాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. వెలగకుండా ఉండటానికి పాపం ప్రయత్నిస్తున్నాడు గానీ చేతకావడం లేదు.

"మీరు కాదన్నా నాకు తెలుసండీ. మిమ్మల్ని తప్పుపట్టడానికి పిలవలేదు. కూర్చోండి. ఆలోచించండి. పాడు కంటి ఆకారం లెన్సు ద్వారా ఇంకో కంటికి పోయిందంటే, బాగున్న కంటి ఆకారం కూడా పోతుంది కదా! మంచి కన్ను ఉన్నవాళ్ళ దగ్గర ఇరవై ఒక్క రోజులు నేర్పించి, ఆ లెన్సు ఈ జబ్బువాళ్ళకు పెడితే, జబ్బే సర్దుకుంటుంది. ఆపరేషన్ లేదు, నొప్పి లేదు. ఇంతమంది ఇన్నేళ్ళుగా వెతుకుతున్నది ఇదే."

"మా అంబుజకు?" అంది చౌడేశ్వరి.

ఆయన ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. "కుడికంటికి లేదమ్మా. అక్కడ సర్దడానికి పొరే మిగల్లేదు. రెండు మూడు నెలల్లోపు లెన్సు తీసేసి ఉంటే పొర తన రూపానికి తానే వచ్చేసేది. అప్పుడు ఎవరికీ తెలియలేదు, నొప్పి లేదు కదా. ఎడమకంటికి మాత్రం పనికొస్తుంది. అనుమతులన్నీ వస్తే, రెండు మూడేళ్ళలో."

బల్ల మీద నుంచి ఒక కాగితం జరిపాడు. ఈ లెన్సును మొదట ఫలానా మనిషి ఫలానా తేదీ నుంచి ఇరవై ఒక్క రోజులు వేసుకున్నదని వాంగ్మూలం. అది లేకపోతే అంబుజ కన్ను ఊరికే పాడైన కన్నుగా మిగిలిపోతుంది, రుజువు కాదు. రుజువు లేనిదే అనుమతి లేదు. పేర్లు ఎక్కడా రావు, నంబర్లే ఉంటాయి. కింద రెండు గీతలున్నాయి. ఒకటి మొదట వేసుకున్న మనిషికి, ఇంకొకటి తర్వాత వేసుకున్న మనిషికి.

"రెండు సంతకాలూ కావాలా సార్?"

"కావాలి. పాత ఫారంలో ఉన్న బాధ ఆమెది కాదని ఆమే చెప్పాలి కదా" అన్నాడు పినాకపాణి. ఆ మాట అంటూ ఆమె ముఖంలోకి చూడలేదు.

మర్నాడు ఆదివారం. పక్కిళ్ళలో మగ్గాలు ఆడుతున్నాయి. అంబుజ వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చౌడేశ్వరి కాగితం తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంక అబద్ధాలు చాలనుకుంది. చెప్పెయ్యాలి. తిడుతుంది, తిట్టనీ. ఇల్లు వదిలి పొమ్మంటుంది, పోదాం. తిట్టించుకుంటే తప్ప తనకు అన్నం సహించదని ఆమెకు తెలుసు.

"అంబూ, నీకొక మాట చెప్పల్ల."

రాట్నం ఆగింది.

"నీ లెన్సు నీకంటే ముందర నేనేసుకున్యా. ఇరవై ఒక్క దినాలు. నా కన్నే నీకంటుకునె. నీ కన్ను తీసింది నేనే మే." ఒక్క ఊపిరిలో అనేసి, దెబ్బ కోసం ఎదురుచూసినట్టు తల వంచుకుంది.

అంబుజ కండె మీది పోగు కొసను వేళ్ళతో తడిమి పట్టుకుంది. ఆ తర్వాత మెల్లగా అంది.

"నాకి తెలుసక్కా."

చౌడేశ్వరి తలెత్తింది.

"మూడు వారాలు ఎర్రగడ్డలు కోస్తివి. ఎర్రగడ్డలకు ఒగ కన్నే యాడన్నా ఏడుస్తాదా? నువ్వేసుకున్యావని తెలిసే నేనేసుకుంటి. నొచ్చేదైతే అక్క నాకియ్యదు కదా అని ధైర్యం."

"మే..."

"ఇనక్కా. నేను గూడా నీకొకటి చెప్పలేదు. పిందెలు వాలేది ఆదెప్ప మామ రాకముందే నాకి తెలుసు. రెండో నెల్లోనే. స్కేలు పెట్టి గీసినా నా కంటికి వాలినట్టే కనపడేటివి. నీకు చెప్పాలని శానాసార్లు అనుకుంటి. చెప్తే తీసేయమంటావు. నా కోసరం నువ్వు అన్ని దినాలు కన్ను కాల్చుకుంటివే, అదంతా మట్టిపాలైతాదే అని గమ్మునుంటి. నొప్పి లేదు కదా, అదే సర్దుకుంటాదిలే అనుకుంటి."

చౌడేశ్వరి కాగితం కింద పెట్టేసింది. రెండో నెల. ఆ మాట విన్న తర్వాత ఆమెకు పక్కింటి మగ్గం చప్పుడు వినిపించలేదు. తిట్టి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకుని ఈడ్చి ఉంటే ఇంకా బాగుండేది.

అంబుజ ఎడమకంటిని చిట్లించి అక్క ముఖం కోసం వెతికింది.

"అక్కా, నిజం చెప్పు. అప్పుడే చెప్పింటే నా కన్ను నిలిచేదా?"

ఇంక అబద్ధాలు చాలనుకుని కూర్చున్న మనిషి చెల్లెలి ముఖంలోకి నేరుగా చూసింది.

"లేదు మే. పెట్టిన మొదటి వారానికే అయిపోయింటాది. నువ్వు చెప్పినా ఒగటే, చెప్పకపోయినా ఒగటే."

"అట్లనా" అంది అంబుజ. ఆమె భుజాలు కిందికి దిగాయి. ఇన్ని నెలలుగా మోస్తున్నదేదో దించినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే సరేలే" అని చెయ్యి చాపి, "యాడ పెట్టల్ల సంతకం?" అని అడిగింది.

చౌడేశ్వరి ఆ చెయ్యి పట్టుకుని కాగితం మీద సరైన చోట పెట్టింది.